మా పిల్లులకు నాలుగు రకాల తిండి పెట్టి చూశాక

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. మధ్యరకం ధరలో దొరికే డ్రై ఫుడ్ (పొడి గింజలు), దాని వెనకాల 'ఎదిగిన పిల్లులకు సంపూర్ణ సమతుల ఆహారం' అని స్పష్టంగా రాసి ఉండాలి, దానికి తోడు రోజూ కాస్త వెట్ ఫుడ్ (టిన్నులో వచ్చే తడి తిండి). ఆరు నెలల్లో నాలుగు రకాలు మార్చి, మధ్యలో ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లొచ్చి, చివరికి మేం స్థిరపడింది ఇక్కడ. కంపెనీల పేర్లు రాయడం లేదు. పేరు చెబితే మీరు ఆ పేరే వెతుక్కుంటారు, అది మీ దగ్గర దొరక్కపోతే మళ్లీ మొదటికే వస్తారు. ఏ సంచి చేతికొచ్చినా దాన్ని తిప్పి వెనక ఏం చూడాలో తెలిస్తే ఆ ఇబ్బంది ఉండదు. నేను ఆ పని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో రెండు పిల్లులు. నల్లోడు మగపిల్లి, ఐదేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, నాలుగున్నర కిలోలు. చుక్కి ఆడపిల్లి, రెండేళ్లు, సన్నగా ఉంటుంది, తిండి దగ్గర మహా పేచీ. రెండూ ఇల్లు దాటి బయటికి వెళ్లవు, అంటే మేం గిన్నెలో ఏది వేస్తే అదే వాటికి ఆహారం. ఎలుక పట్టుకుని లోటు పూడ్చుకునే అవకాశం వాటికి లేదు. ఈ మాట నేను మొదట్లో సరిగ్గా ఆలోచించలేదు.

మొదటిది పెద్ద సంచి. కిలో లెక్కన చూస్తే అన్నిటికంటే చవక, మూడు కిలోలు ఒకేసారి వస్తుంది, సంచి మీద మెరిసే బొచ్చుతో అందమైన పిల్లి బొమ్మ. లోపల ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో చేప ఆకారం గింజలు. పిల్లి కంటికి ఎరుపు మనకు కనపడినట్టు కనపడదు కాబట్టి ఆ రంగులన్నీ కొనేవాళ్ల కోసమే వేస్తారు, పిల్లికి వాటితో పనే లేదు. మొదటి వారం రెండూ బాగానే తిన్నాయి. రెండో వారం నుంచి నల్లోడు గిన్నె ఖాళీ చేసి మళ్లీ నా కాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, ఎంత వేసినా ఆకలి తీరనట్టే ఉండేవాడు. లిట్టర్ ట్రేలో, అంటే వాటి మలమూత్రాలకి పెట్టిన ఇసుక తొట్టిలో, దొడ్డికి పరిమాణం పెరిగింది, వాసన కూడా పెరిగింది. నడుము దగ్గర బొచ్చు ఎండిపోయి, చేత్తో నిమిరితే తెల్లటి పొట్టు రాలేది. సంచి సగానికి వచ్చాక అడుగున అంతా పొడి, చెయ్యి పెడితే వేళ్లకు జిడ్డు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె వాసన. నాకే తినబుద్ధి కాని వాసన అది, ముక్కుతోనే తిండిని ఎంచుకునే పిల్లికి ఇంకెంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో.

నెలన్నర గడిచాక ఒక రాత్రి నల్లోడు లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చుని, లేచి, మళ్లీ వెళ్లి కూర్చోవడం చూశాను. మలబద్ధకం అనుకున్నాను. గంటలో ఎనిమిదిసార్లు వెళ్లాడు, ఇసుక తడవలేదు, ఒకసారి కూర్చున్నప్పుడు గొంతు లోపలి నుంచి ఎప్పుడూ వినని అరుపు వచ్చింది. వెంటనే తీసుకెళ్లాం. మూత్రనాళం మూసుకుపోయింది, ట్యూబు వేసి తీశారు, రెండు రోజులు అక్కడే ఉంచారు. ఇంకొక రోజు ఆలస్యమైతే బతికేవాడు కాదని డాక్టర్ గారు చెప్పారు. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం, అందుకే వీళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. మీ మగపిల్లి ట్రేలో కూర్చుని చుక్క పొయ్యలేకపోతుంటే తెల్లారేదాకా ఆగకండి, అదే నిమిషంలో బయల్దేరండి. ఈ రివ్యూలో మీకు ఒక్క వాక్యమే గుర్తుంటే, ఇది గుర్తుండాలని కోరుకుంటున్నాను.

ఆ సంచి వల్లే ఇలా అయిందని నేను అనడం లేదు, డాక్టర్ గారూ అనలేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న 'నీళ్లు ఎంత తాగుతాడు?' అని. పిల్లుల పూర్వీకులు ఎండిన నేలల్లో బతికిన అడవి పిల్లులు, వాటికి కావాల్సిన నీళ్లలో ఎక్కువ భాగం వేటాడిన జంతువు ఒంట్లోంచే వచ్చేవి. అందుకే ఇంటి పిల్లికి కూడా దాహం తక్కువ, మూత్రం చిక్కన. డ్రై ఫుడ్‌లో నీళ్లు నూటికి 10 పాళ్ల లోపే. వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 దాకా. పొడి తిండి తినే పిల్లి నీళ్లు కొంచెం ఎక్కువే తాగుతుంది కానీ ఆ తేడా పూర్తిగా పూడ్చుకునేంత తాగదు. నల్లోడికి ఆరు వారాలు పొడి గింజలు తప్ప ఇంకేం పెట్టలేదు, నీళ్ల గిన్నె తిండి గిన్నెకు ఆనించి పెట్టాను, రోజు మారితే మారేది లేకపోతే లేదు. ఆ తప్పు నాదే.

ఇంటికొచ్చాక సంచి వెనక మొదటిసారి చదివాను. ఏ వయసు పిల్లికో లేదు. సంపూర్ణ ఆహారమా, అప్పుడప్పుడూ పెట్టే చిరుతిండా అన్న మాట ఎక్కడా లేదు. పదార్థాల జాబితాలో టారిన్ పేరే లేదు. ఇక దానికి ఐదులో ఒక్క స్టార్ కూడా నేను ఇవ్వలేను.

టారిన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పిల్లి తిండికీ మిగతా తిండికీ తేడా అంతా దాదాపు ఇక్కడే తెలుస్తుంది. టారిన్ మాంసంలో ఉండే ఒక అమైనో ఆమ్లం. కుక్క ఒంట్లో అది చాలావరకు తయారవుతుంది, పిల్లి ఒంట్లో సరిపడా తయారు కాదు. అది లేని తిండి పెడితే పిల్లి కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లోనే తేలింది. గుండె కండరం బలహీనపడి సాగిపోయే జబ్బుకు కూడా అదే కారణమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పరిశోధకులు చూపించారు. అప్పటికి కంపెనీలు అమ్ముతున్న తిండి తింటున్న పిల్లుల్లోనే ఆ జబ్బు వస్తోంది, తిండిలో టారిన్ పెంచాక ఆ కేసులు బాగా తగ్గిపోయాయి. ఒక పదార్థం సరిదిద్దితే ఎన్నో పిల్లుల గుండెలు నిలబడ్డాయి అంటే దాని విలువ ఎంతో ఆలోచించండి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మన ఒళ్లు విటమిన్ ఏ గా మార్చుకుంటుంది, పిల్లి మార్చుకోలేదు, దానికి విటమిన్ ఏ నేరుగా జంతువుల నుంచే రావాలి. అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు కూడా అంతే. తీపి రుచి అయితే పిల్లికి తెలియనే తెలియదు, ఆ రుచిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచెయ్యదు. కుక్క తిండి చవక కదా అని పిల్లికి పెట్టేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి. ఒక పూట తింటే ఏమీ కాదు కానీ నెలల తరబడి పెడితే గుండె మీదకి వస్తుంది.

డాక్టర్ గారు రాసిన ప్రత్యేకమైన తిండి రెండు నెలలు పెట్టాక, ఆసుపత్రి భయంతో నేను రెండో వైపుకి పరిగెత్తాను. రెండోది చాలా ఖరీదైన సంచి, తర్వాత మేం స్థిరపడ్డ రకానికి సరిగ్గా రెట్టింపు ధర. మీద 'గ్రెయిన్ ఫ్రీ' అని పెద్ద అక్షరాలు, ధాన్యం లేదు, పూర్వీకుల ఆహారం, తోడేలు చూపులున్న పిల్లి బొమ్మ. తిండి మంచిదే, అందులో అనుమానం లేదు. గింజ విరిస్తే పొడి రాలదు, మాంసం వాసన వస్తుంది, వెనక సంపూర్ణ ఆహారం అని రాసి ఉంది. మూడు వారాల్లో నల్లోడి నడుము మీద పొట్టు తగ్గింది. ఈ సంచి నాకు నేర్పింది మాత్రం లెక్క.

సంచి వెనక ఉండే అంకెల్లో పిండిపదార్థం ఎంతో చాలాసార్లు రాయరు. అది మనమే తీసుకోవచ్చు, కష్టమేమీ కాదు. వందలోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. బూడిద అంటే కంగారు పడకండి, అందులో ఉన్న ఖనిజ లవణాలకి అది లెక్కల పేరు. ఖరీదైన సంచి మీద ప్రొటీన్ 36, కొవ్వు 16, పీచు 4, తేమ 8, బూడిద 8. మిగిలింది 28. ధాన్యం లేదు సరే, బఠాణీలు, బంగాళాదుంప పిండి ఉన్నాయి కదా, ఆ 28 అక్కణ్నుంచే వచ్చింది. గింజలు ఒత్తి తయారుచెయ్యాలంటే ఏదో ఒక పిండి పడాల్సిందే. ఇప్పుడు నేను వాడుతున్న మధ్యరకం సంచిలో, అదే నాలుగోది, ప్రొటీన్ 34, కొవ్వు 15, పీచు 3, తేమ 8, బూడిద 8, పిండిపదార్థం 32, అందులో బియ్యం, మొక్కజొన్న ఉన్నాయి. రెండింట్లోనూ వంద గ్రాములకు శక్తి దాదాపు 360 క్యాలరీలు. అంటే రెండు పాళ్ల ప్రొటీన్ ఎక్కువ, నాలుగు పాళ్ల పిండి తక్కువ, దానికోసం రెట్టింపు డబ్బు. బాగా ఉడికిన పిండిని పిల్లులు బాగానే అరిగించుకుంటాయి. ఏదైనా ధాన్యం పడని పిల్లి ఉంటే ఉండొచ్చు, అది డాక్టర్ చూసి చెప్పాలి. మామూలు ఆరోగ్యంతో ఉన్న పిల్లికి గ్రెయిన్ ఫ్రీ అన్న రెండు మాటల కోసం ఇంటి బడ్జెట్ తలకిందులు చేసుకోవక్కర్లేదని నా అభిప్రాయం. మూడు స్టార్లు, ఆ మూడూ తిండికే, ధరకి కాదు.

చుక్కి మాత్రం దాన్ని వాసన చూసి పక్కకి తిరిగిపోయేది. దానికోసమే మూడోది తెచ్చాను, గ్రేవీ పౌచ్‌లు. చింపగానే వంటింట్లోంచి పరుగు, గిన్నె అద్దంలా నాకేసేది. పదిహేను రోజులు అవే పెట్టాను, పాపం ఇన్నాళ్లకి ఇష్టంగా తింటోందని ఎంత సంతోషపడ్డానో. పదహారో రోజు, అప్పటికి అలవాటైంది కాబట్టి, పౌచ్ వెనక చదివాను. కన్ను ఆనించి చూస్తే కానీ కనపడనంత సన్నని అక్షరాల్లో 'అనుబంధ ఆహారం' అని ఉంది. అంటే పూర్తి భోజనం కాదు, వేరే సంపూర్ణ ఆహారం తింటున్న పిల్లికి పక్కన పెట్టేది. ఆ మాట ఒక్కటి ముందు వైపు రాసి ఉంటే పదిహేను రోజులు నేను దాన్నే భోజనంగా పెట్టేదాన్ని కాదు. దీనికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. రుచికి ఐదు ఇవ్వొచ్చు, లేబుల్ రాసిన తీరుకి రెండు.

అదే పౌచ్ మీద ముందు వైపు 'ట్యూనాతో' అని ఉంది. ఈ పేర్ల వెనక కూడా లెక్కలున్నాయి. అమెరికాలో పశువుల తిండి ప్రమాణాలు తయారుచేసే ఆఫ్కో అనే సంఘం పద్ధతి ప్రకారం, ఒక పదార్థం పేరే తిండి పేరుగా పెట్టాలంటే, తయారీలో కలిపిన నీళ్లు మినహాయించి అది 95 శాతం ఉండాలి. 'ట్యూనా డిన్నర్' లాంటి తోక తగిలిస్తే 25 శాతం చాలు. 'ట్యూనాతో' అంటే 3 శాతం చాలు. 'ట్యూనా ఫ్లేవర్' అంటే రుచి తెలిస్తే చాలు, శాతం అడగరు. ఒక్క విభక్తి మారితే 95 కాస్తా 3 అవుతుంది! మిగతా చోట్ల అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, పేరు చూసి మోసపోకూడదన్న సంగతి ఎక్కడైనా ఒకటే.

పదార్థాల జాబితాలోనూ ఇలాంటి మెలిక ఉంది. వండకముందు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకి వరస రాస్తారు. తాజా కోడిమాంసం మొదట కనపడితే మనం మురిసిపోతాం, కానీ ఆ బరువులో ముప్పావు వంతు దాకా నీళ్లే, గింజ ఎండేసరికి ఆ నీళ్లు పోతాయి. రెండో మూడో వరసలో ఉండే 'చికెన్ మీల్' ముందే నీళ్లు తీసేసిన మాంసం పొడి, గ్రాముకి గ్రాము చూస్తే అందులోనే ప్రొటీన్ ఎక్కువ. 'బై ప్రొడక్ట్స్' అన్న మాటకి కూడా అందరూ ముఖం చిట్లిస్తారు, నేనూ చిట్లించాను. అందులో కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, ప్లీహం లాంటివి ఉంటాయి. ఎలుకను పట్టిన పిల్లి వాటిని వదిలిపెట్టి కండ మాత్రమే తినదు కదా.

ప్రొటీన్ అంకె ఎక్కువుంటే చాలు అనుకునేవాళ్లకి ఒక మాట. సంచి మీద ఉండేది 'క్రూడ్ ప్రొటీన్', అంటే తిండిలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. నైట్రోజన్ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. 2007లో ఉత్తర అమెరికాలో ఇదే లొసుగుతో ఘోరం జరిగింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, ప్రొటీన్ ఎక్కువ చూపించడానికి, నైట్రోజన్ దండిగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపారు. అది పడ్డ తిండి తిని ఎన్నో పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు పాడై చనిపోయాయి, పెద్ద ఎత్తున సరుకు వెనక్కి తీసుకున్నారు. అందుకే నేను అంకెతో పాటు అది ఎవరు, ఎక్కడ తయారుచేశారో, ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్ నంబరు ఉందో లేదో కూడా చూస్తాను. ఆ నంబరుకి ఫోన్ చేసి వంద గ్రాములకు ఎన్ని క్యాలరీలో అడిగితే జవాబు చెప్పగలిగే కంపెనీ మీద నాకు నమ్మకం కలుగుతుంది. నాలుగోదాన్ని అలాగే ఎంచుకున్నాను, రెండో రోజు మెయిల్‌లో వివరాలన్నీ పంపారు.

ఇప్పుడు ఖర్చు సంగతి. కిలో ధర చూసి కొంటే ఎక్కడ తప్పుతామో చూడండి. చవక సంచిలో వంద గ్రాములకి నేను లెక్కేస్తే 315 క్యాలరీలు వచ్చాయి, నాలుగోదానిలో 360. లెక్క ఇలా వెయ్యాలి: ప్రొటీన్, పిండిపదార్థం గ్రాముకి మూడున్నర, కొవ్వు గ్రాముకి ఎనిమిదిన్నర. నల్లోడికి రోజుకి సుమారు 240 క్యాలరీలు కావాలి. చవకది అయితే 76 గ్రాములు పెట్టాలి, నాలుగోది 67 చాలు. కిలో ధరలో చవకది మూడో వంతు తక్కువ, కానీ రోజు ఖర్చులో తేడా పావు వంతుకి దిగింది. అడుగున మిగిలి పారబోసిన పొడి, ఎంత తిన్నా తీరని ఆకలికి వేసిన అదనపు గుప్పెళ్లు కలిపితే ఆ పావు వంతూ కరిగిపోయింది. ఆసుపత్రి బిల్లు ఇందులో కలపడం లేదు.

వెట్ ఫుడ్‌కి ఇదే లెక్క వేస్తే ఎందుకు అందరూ అది ఖరీదంటారో అర్థమవుతుంది. మేం వాడే టిన్నులో ప్రొటీన్ 10, కొవ్వు 5, తేమ 80, వంద గ్రాములకి దాదాపు 85 క్యాలరీలు. వంద గ్రాముల ధర డ్రైతో సమానంగా ఉన్నా కూడా, క్యాలరీల లెక్కన నాలుగు రెట్లు పడుతుంది. ప్రొటీన్ పదే ఉందని మాత్రం దాన్ని తక్కువ చూడకండి. నీళ్లు తీసేసి చూడాలి. మిగిలిన 20లో 10 ప్రొటీన్, అంటే సగం! డ్రై సంచిలో తేమ తీసేసిన 92లో 34, అంటే 37 శాతం. ఆఫ్కో చెప్పే కనీసం, తేమ లేకుండా లెక్కేస్తే, పెద్ద పిల్లికి 26 శాతం, పిల్లపిల్లికి 30. రెండూ దాన్ని సులువుగా దాటుతాయి.

మొత్తం వెట్ ఫుడ్ మీద ఉంచే స్తోమత మాకు లేదు, మొత్తం డ్రై మీద ఉంచే ధైర్యం పోయింది. డాక్టర్ గారితో మాట్లాడి నల్లోడికి రోజుకి 50 గ్రాముల డ్రై, 70 గ్రాముల వెట్ అని పెట్టుకున్నాం. 180, 60 కలిపి 240 క్యాలరీలు. ఆ 70 గ్రాముల్లో 56 గ్రాములు నీళ్లే, దాంట్లో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు కలుపుతాను, సూప్‌లా చప్పరించేస్తాడు. నీళ్ల గిన్నెలు మూడు చేశాం, తిండికి దూరంగా, మీసాలు తగలనంత వెడల్పువి. మీ పిల్లికి ఒకసారి మూత్రంలో రాళ్లో స్ఫటికాలో వచ్చి ఉంటే మాత్రం నా లెక్క తీసుకోకండి. వాటిలో రకాలున్నాయి, ఒక రకం తిండితో కరుగుతుంది, ఇంకోటి కరగదు, దానికి తగ్గ తిండి డాక్టరే రాయాలి. మావాడికి కూడా మొదటి రెండు నెలలు ఆయన రాసిన ప్రత్యేకమైన తిండే పెట్టాం, ఆ తర్వాతే ఇది.

చిన్న తూకం మిషన్ కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా గిట్టుబాటైన వస్తువు అదే. అంతకుముందు కప్పుతో వేసేదాన్ని, తూచి చూస్తే ఒకరోజు 58, ఒకరోజు 74. పదహారు గ్రాముల తేడా మనకి ఏమీ కాదు, నాలుగు కిలోల ప్రాణికి అది రోజు భోజనంలో దాదాపు నాలుగో వంతు. ఇంట్లో ఉండే పిల్లులు లావెక్కేది ఇలాగే, లావెక్కితే షుగర్ వ్యాధి వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. చేత్తో పక్కటెముకల మీద నిమిరితే ఎముకలు తేలిగ్గా తెలియాలి, పైనుంచి చూస్తే నడుము కనపడాలి. చిరుతిళ్లు రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు. డ్రై ఫుడ్ నమిలితే పళ్లు శుభ్రపడతాయని అంటారు కానీ మామూలు గింజలతో అంత జరగదు.

ఇంట్లోనే వండిపెడితే చవక కదా అని మా అక్క అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఉత్త కండమాంసం మాత్రమే పెడితే భాస్వరం ఎక్కువై కాల్షియం చాలక పిల్లపిల్లుల ఎముకలు పెళుసైపోతాయి. కాలేయం ఇష్టంగా తింటుందని రోజూ అదే పెడితే విటమిన్ ఏ పేరుకుపోయి మెడ, వెన్నెముక బిగుసుకుపోతాయి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బీ1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. పాలు చాలా పెద్ద పిల్లులకి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలో ఉన్నా ఎర్ర రక్తకణాల్ని విరిచేస్తాయి, మన కోసం వండినదాంట్లోంచి ముక్క తీసి పెట్టకూడదనేది అందుకే. జంతువుల పోషకాహారం గురించి చదివిన డాక్టర్ కొలతలతో సహా రాసిస్తే, ఆ పౌడర్లు, సప్లిమెంట్లు అన్నీ కలిపితే ఇంటి వంట మంచిదే. అప్పుడు అది చవక మాత్రం కాదు. ఉడికించిన ఉప్పులేని కోడిముక్క అప్పుడప్పుడూ వేలంత పెడతాను, అది భోజనం కాదు, ముద్దు.

మీరు తిండి మార్చేటప్పుడు ఒక్కసారే మార్చకండి. వారం నుంచి పది రోజులు, పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ కలపాలి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండిగా కూర్చోవడం పిల్లి దగ్గర పనికిరాదు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదకి వస్తుంది. చుక్కికి నాలుగోది అలవాటు చెయ్యడానికి పన్నెండు రోజులు పట్టింది, మొదటి మూడు రోజులు పాత గింజలు ఏరుకుని కొత్తవి గిన్నె చుట్టూ పేర్చి పెట్టేది. వాటి మీద గ్రేవీ ఒక చెంచా వేశాక దారికొచ్చింది. ఆ పౌచ్‌లు అలా ఉపయోగపడ్డాయి, వాటికి సరైన చోటు అదే.

సంచి కొనేటప్పుడు పెద్దది చవక అని తీసుకోకుండా నెలా నెలన్నరలో అయిపోయే సైజు తీసుకోండి. డబ్బాలో ఒంపకుండా సంచితో సహా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే కొవ్వు త్వరగా పాడవదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా మీ దగ్గరే ఉంటాయి. టిన్ను తెరిచాక మిగిలింది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, గిన్నెలో వేసింది ఓ రెండు గంటలు, తర్వాత తీసెయ్యాలి. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే చల్లగా పెడితే రెండూ ముట్టవు. కొంచెం వెచ్చబడితే వాసన లేస్తుంది, అప్పుడు వస్తాయి.

నాలుగోదానికి నాలుగున్నర స్టార్లు. అర స్టారు తగ్గించింది సంచి జిప్పు కోసం, రెండో వారానికే పళ్లు ఊడిపోతోంది, క్లిప్పు పెట్టుకోవాల్సి వస్తోంది. ఒక నెల ఆకుపచ్చ సంచి, ఇంకో నెల ఎర్రది అని రుచులు మార్చినా రెండూ అభ్యంతరం చెప్పలేదు. నల్లోడి బరువు నాలుగు నెలలుగా నాలుగున్నర దగ్గరే నిలబడింది, నడుము మీద చెయ్యి వేస్తే ఇప్పుడు ఏమీ రాలడం లేదు.

రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని లిట్టర్ ట్రేలో వాడి మూత్రానికి తడిసి గట్టిపడ్డ ఇసుక ముద్దలు లెక్కపెట్టడం. చుక్కివి చిన్నవి, వాడివి నా పిడికిలంత ఉంటాయి కాబట్టి తేడా తెలుస్తుంది. నిన్న మూడు, ఈరోజు కూడా మూడు.